ఎనిమిది అడుగుల దూరంలో పీలిక

మెడలో టేపు లేకుండా ఆవిడను చూసిన మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కడే, ఆవిడ మొగుడు. ఆయనైనా ఒకటి రెండుసార్లు చూశానంటాడు గానీ గట్టిగా అడిగితే నీళ్లు నములుతాడు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. పెళ్లిపీటల మీద కూడా టేపు ఉన్నట్టే గుర్తని తోటి డ్రైవర్లతో చెప్పి నవ్విస్తుంటాడు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆవిడ టేపక్క.

నిజానికి టేపక్కకి టేపుతో పెద్ద పని లేదు. మనిషి గడపలో అడుగు పెట్టగానే పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి, "నడుము ముప్పై ఆరు, కుడి భుజం అరంగుళం దిగింది, సంచీ ఎప్పుడూ ఆ భుజానికే తగిలిస్తారా?" అని అడిగేస్తుంది. ఆ తర్వాతే టేపు తీస్తుంది, తాను చెప్పింది నిజమని అవతలివాళ్లకి చూపించడానికి. కొత్తగా వచ్చినవాళ్లు పొట్ట లోపలికి బిగబట్టి నిలబడితే అస్సలు ఊరుకోదు. "వదలండి, వదలండి. రేపు ఈ చొక్కా వేసుకునేది ఊపిరి తీసుకునే మనిషి కదా. ఊపిరికి చోటు లేని బట్ట నా చేత్తో కుట్టను," అంటుంది. ఇరవై ఆరేళ్లుగా అదే మాట, అదే గొంతు.

ఇంతమంది కొలతలు చూపుతో చెప్పే మనిషికి తన కుక్క కొలత మాత్రం తెలియలేదు. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

కొట్టు ఇంటి ముందు గదిలోనే. రెండు కుట్టుమిషన్లు, అంచులు కుట్టే మిషను ఒకటి, మంచమంత కటింగ్ బల్ల. ఒక మూల తెర వెనక ఒక మనిషి ఇబ్బందిగా పట్టే ట్రయల్ గది. వీధివైపు నేల నుంచి పైకప్పు దాకా అద్దం. అద్దం వెనక తలలేని బొమ్మ ఒకటి, వారానికో కొత్త చొక్కా వేసుకుని నిలబడి ఉంటుంది. ఐదేళ్ల కింద ఒక వానపొద్దున కొట్టు తెరిస్తే, బయట పెట్టిన గుడ్డముక్కల గోతాంలోంచి కుయ్యి కుయ్యిమని మూలుగు వినపడింది. చెయ్యి పెట్టి తీస్తే గుప్పెడంత కుక్కపిల్ల. "ఇదేమిటే, ఇంత పీలికలా ఉంది!" అన్నాడు మొగుడు. అంతే, పేరు పీలిక అయిపోయింది. ఆ పేరు పెట్టించుకున్నవాడు ఇప్పుడు కటింగ్ బల్ల కింది నుంచి లేస్తే బల్ల కూడా వాడితోపాటు లేస్తుంది. బల్ల మీద సుద్దగీత గీస్తున్న టేపక్క చెయ్యి పక్కకి పోతుంది. ఆవిడకి అది కూడా ముద్దే.

ఎవరు గుమ్మంలోకి వచ్చినా పీలిక మొరిగేవాడు. మొరగడమంటే మామూలుగా కాదు, అద్దం గలగలలాడేది. "కాలింగ్ బెల్లు కొనాల్సిన పని లేకుండా చేశాడు మా నాన్న," అని మురిసిపోతూ టేపక్క వాడికో బిస్కెట్ పెట్టేది. వచ్చినవాళ్లు గోడకి అతుక్కుపోతే, ఆవిడ మిషను మీంచి తలెత్తకుండానే ఒక కేక వేసేది.

"ఏమీ చేయడు, రండి!"

ఆ కేకను నమ్మలేక ఎవరి తంటాలు వాళ్లు పడేవారు. ఇస్త్రీ బట్టలు తెచ్చే ఆవిడ మూటను మోకాళ్లకి అడ్డం పెట్టుకుని వచ్చేది. స్కూలు టీచరమ్మయితే ఫుట్‌పాత్ దాటి లోపలికి రానే వచ్చేది కాదు. అంత మర్యాదస్తురాలు నడివీధిలో నిలబడి, "నడుము ముప్పై రెండు, ఛాతీ ముప్పై ఆరు!" అని అరిచి చెప్పేది. ఆవిడ అలా అరిచిన రోజు టేపక్క కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. అవతలి మనిషి భయపడితే మనకి నవ్వెందుకు రావాలని అప్పుడెవరైనా అడిగి ఉంటే, అడిగినవాళ్లని దులిపి పారేసి ఉండేది.

ఇక సెలూన్ బాబాయ్. ఆయన నలభై నాలుగేళ్లు వీధి చివర సెలూన్ నడిపాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక కత్తెరను అల్లుడి చేతిలో పెట్టాడు గానీ, కుర్చీని మాత్రం వదల్లేదు. రోజూ పదింటికి కర్ర తాటించుకుంటూ వెళ్లి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అల్లుడి చేత గడ్డం గీయించుకుని, పక్క కుర్చీలోవాళ్ల తల చూసి ఆ అల్లుడికే వంకలు పెట్టి, భోజనం వేళకి ఇల్లు చేరేవాడు. దారిలో టేపక్క అద్దం ముందు ఆగడం ఆయన అలవాటు. అద్దం కనిపిస్తే ఆగకుండా పోవడం ఆ చేతుల వల్ల కాదు. జేబులోంచి దువ్వెన తీసి, మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ నాలుగు వందలున్నట్టు శ్రద్ధగా దువ్వుకునేవాడు. లోపల్నుంచి టేపక్క, "ఇంక చాలు బాబాయ్, పెళ్లివాళ్లు వెళ్లిపోయారు!" అనేది. ఆయన దువ్వెన ఊపి వెళ్లిపోయేవాడు. మామూలుగా ఆ వేళకి పీలిక పెరట్లో ఉండేవాడు.

ఆ రోజు పెరట్లో లేడు. తలుపు బార్లా తీసి ఉంది, మెడపట్టీకి తాడు లేదు. బాబాయ్ దువ్వుకోవడం అయ్యాక ఏదో చెప్పబోతూ కర్ర ఎత్తి అద్దం వైపు చూపించాడు. పీలిక బల్ల కిందినుంచి బాణంలా పోయాడు. బాబాయ్ ఒకడుగు వెనక్కి వేశాడు, రెండో అడుగుకి ఫుట్‌పాత్ అయిపోయింది. టేపక్క బయటికి వచ్చేసరికి ఆయన రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు, ప్యాంటు అంచు పీలిక నోట్లో ఉంది.

పళ్లు దిగలేదు. పడ్డ దెబ్బకి మోకాలు చెక్కుకుపోయింది, అంతే. ఆవిడ పీలికను మెడపట్టీ పట్టి లాగుతూ, "ఏం కాలేదు కదా బాబాయ్? వాడు ఏమీ చేయడు, ఆడుకుంటాడు, అంతే!" అంది.

బాబాయ్ తిట్టలేదు, అరవలేదు. "నా దువ్వెన ఎక్కడ పడిందో చూడమ్మాయ్," అన్నాడు. ఆవిడ వెతికి ఇచ్చింది. ఆయన అది జేబులో పెట్టుకుని, వచ్చిన దారినే ఇంటికి వెళ్లిపోయాడు. చిరిగిన ప్యాంటును సాయంత్రం ఇంటికి మనిషిని పంపి తెప్పించి కుట్టు కనపడకుండా కుట్టేసింది టేపక్క. లెక్క సరిపోయిందనుకుంది.

మర్నాడు బాబాయ్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం తిరిగాక సెలూన్ అల్లుడు తన ఆప్రాన్లకి కొత్త నాడాలు వేయించుకోవడానికి వచ్చి, గుమ్మం బయటే నిలబడి ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"మామయ్య సెలూనుకి రావడం మానేశాడక్కా. ఇటు రానంటాడు. రెండో దారేమో వెనక రోడ్డులోని కాలినడక వంతెన మీదుగా, ముప్పై ఆరు మెట్లు. ఆ మోకాలితో ఎక్కలేడు."

"నా కుక్క మీదా నింద? కుక్క ముందు కర్ర ఎత్తితే ఏ కుక్క ఊరుకుంటుంది చెప్పు!" అంది టేపక్క. అల్లుడు మంచివాడు, నాడాలు తీసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మొగుడితో మళ్లీ అదే పాట ఎత్తుకుంది.

"అసలు ఆ కర్ర ఎందుకు ఎత్తాలండీ ఆయన?"

"ఆయనకి ఉన్నవి మూడు కాళ్లే. అందులో ఒకటి కర్ర. అది ఇంట్లో పెట్టి రమ్మంటావా?"

"మీరు ఎవరి వైపు?"

"నేను అన్నం వైపు," అన్నాడాయన, కంచంలోంచి తల ఎత్తకుండా. కానీ చెయ్యి కడుక్కునేటప్పుడు మెల్లగా అన్నాడు: "ఆ ప్యాంటు ఎవరి చేతో పంపకు. నువ్వే ఇచ్చిరా."

అలా వెళ్లింది టేపక్క. ఒక చేతిలో మడతపెట్టిన ప్యాంటు, నోటి నిండా సిద్ధం చేసుకున్న మాటలు. తలుపు తీసిన బాబాయ్‌ని చూడగానే ఆ మాటలన్నీ ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఆయన ముఖం నిండా పదిరోజుల తెల్లగడ్డం. నలభై నాలుగేళ్లలో ఒక్కరోజు గడ్డంతో కనపడని మనిషి. జ్వరంలో కూడా గీయించుకున్న మనిషి. టేపక్కకి తల తీసేసినట్టయింది.

"అల్లుడు ఇంటికొచ్చి గీస్తానన్నాడు," అన్నాడాయన ఆవిడ చూపు గమనించి. "ఇంట్లో గీయించుకోవడానికి నేనేమన్నా రోగినా? నా కుర్చీ అక్కడుంది."

"బాబాయ్, పీలిక నిజంగా..."

"ఏమీ చేయడు. తెలుసు, రోజూ వింటూనే ఉన్నాను." ఆయన కుర్చీలో కూర్చుని కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. "అమ్మాయ్, నేను ఇన్నేళ్లు మనుషుల గొంతు మీద కత్తి పెట్టాను. కళ్లు మూసుకుని నిద్రపోయేవాళ్లు, గురక పెట్టేవాళ్లు. కత్తి మంచిదని కాదు. పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలుసు గనక. కుక్క మీద నాకేం కోపం లేదు, అది కుక్క. ఆ రోజు దాన్ని ఏ చెయ్యీ పట్టుకుని లేదు. అదే చూశాను నేను."

టేపక్క చేతిలోని ప్యాంటు మడతను మళ్లీ సరిచేసింది. చివరికి, "మీకు వాణ్ణి మెల్లగా అలవాటు చేస్తాను బాబాయ్, స్నేహం చేసుకుంటే..." అంది.

"నాకు దాంతో స్నేహం వద్దు తల్లీ," అన్నాడు బాబాయ్. "నాకు దారి కావాలి."

ఆ సాయంత్రం ఆవిడ మిషను ముందు కూర్చుంది గానీ ఒక్క కుట్టు వేయలేదు. పీలిక వచ్చి పాదాల మీద తల పెట్టాడు. వాడి మీద కోపం వచ్చింది, వెంటనే జాలేసింది, ఆ రెండూ అయ్యాక తన మీద తనకి సిగ్గేసింది. మర్నాడు మొగుణ్ణి బయల్దేరదీసి పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ పీలికను బల్ల మీద పెట్టి పళ్లూ చెవులూ చూసి, వీళ్లిద్దరినీ ప్రశ్నలేయడం మొదలుపెట్టింది. పిల్లగా ఉన్నప్పుడు ఏం ఆటలాడేవాడు? కర్రతో ఎప్పుడైనా కొట్టారా? "అయ్యయ్యో, కొట్టడమా!" అంది టేపక్క. "కర్ర అంటే వాడికి ఆట. మా కటింగ్ స్కేలు ఉంటుంది కదండీ, మీటరు చెక్క స్కేలు, దాన్ని ఈయన పైకెత్తి ఆడించేవారు. వాడు ఎగిరి పట్టుకుంటే మేమంతా చప్పట్లు. ఎంత బాగా పట్టుకునేవాడో! ఒకసారి స్కేలు విరిచేశాడు కూడా. బిస్కెట్ పెట్టాం..."

చెబుతూ చెబుతూ ఆవిడ గొంతు తగ్గిపోయింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మొగుడు కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సుని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"అయితే కర్ర ఎత్తిన వాళ్లమీదికి దూకమని చెప్పింది మీరే," అంది డాక్టరమ్మ. "గుమ్మంలో మొరిగితే బిస్కెట్ పెట్టిందీ మీరే. బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్నాడు. ఇప్పుడు మళ్లీ నేర్పాలి. నెలలు పడుతుంది. ఈలోగా గడప దాటితే మెడకి తాడు, తాడుకి మీ చెయ్యి, మూతికి చిక్కం."

చిక్కం అన్న మాట వినగానే టేపక్కకి ప్రాణం లేచొచ్చింది. మూతికి తొడిగేదే కదా! కుట్టడమే కదా! ఇంటికి రాగానే పీలిక మూతికి అడ్డంగా, నిలువుగా, చుట్టూ టేపు పెట్టి పన్నెండు కొలతలు తీసింది. ఒక పెళ్లికూతురి గౌను రెండు రోజులు పక్కన పడేసి, మెరూన్ రంగు వెల్వెట్‌తో చిక్కం కుట్టింది. లోపల శాటిన్ లైనింగ్, అంచుకి బంగారు దారం, రెండు బుగ్గల మీదా చెరో గులాబీ ఎంబ్రాయిడరీ. పీలిక అది తొడుక్కుని అద్దం ముందు నిలబడితే రాచబిడ్డలా ఉన్నాడు.

వీధిలోకి తీసుకెళ్లింది. పది అడుగులు నడిచిందో లేదో, "అయ్యో, ఎంత ముద్దుగా ఉందో!" అంటూ ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. ఆవిడ వెనక స్కూలు పిల్లలు ఆరుగురు. ఇన్నాళ్లూ పీలికను చూసి గోడలెక్కినవాళ్లంతా ఇప్పుడు గులాబీలు ముట్టుకుంటామని చేతులు చాచారు. ఒకావిడ ఏకంగా గొంతుక్కూర్చుని వాడి మెడ చుట్టూ చేతులు వేసింది. పీలిక కట్టెలా బిగుసుకుపోయాడు. తాడు పట్టుకున్న టేపక్క చేతికి ఆ బిగువు తెలిసింది. జీవితంలో మొదటిసారి ఆవిడ నోట ఒక కొత్త మాట వచ్చింది.

"దగ్గరికి రాకండి! దయచేసి రాకండి!"

వాళ్లు నొచ్చుకున్నారు. ఇంత అందమైన కుక్కకి ఇంత గయ్యాళి యజమానురాలా అన్నట్టు చూశారు. ఇంటికొచ్చేసరికి పీలిక రొప్పుతున్నాడు గానీ నోరు తెరుచుకోవడం లేదు. డాక్టరమ్మకి చూపిస్తే ఈసారి నిజంగానే కేకలేసింది. కుక్కకి చెమట పట్టి చల్లబడే ఒళ్లు కాదట, నాలుక బయటపెట్టి రొప్పితేనే చల్లబడుతుందట, నోరు కట్టేసే గుడ్డ అసలు పనికిరాదట.

"ఊపిరికి చోటు లేని బట్ట నా చేత్తో కుట్టను," అన్నాడు మొగుడు దారిలో, ఎవరితోనూ కానట్టు. ఆవిడ నాలుక కరుచుకుంది.

చివరికి తీగల బుట్టలాంటి చిక్కం కొనాల్సి వచ్చింది. రెడీమేడ్! టేపక్క తన ఇంట్లోకి రెడీమేడ్ సరుకు తేవడం అదే మొదలు. ఎవరైనా చూస్తారేమోనని సంచీలో అడుగున పెట్టి, పైన కూరగాయలు కప్పి తెచ్చింది. ఇంటికొచ్చి ముక్కు మీద ఒరుసుకోకుండా మెత్త కుట్టింది, కుట్టకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. మెడపట్టీకి వెడల్పాటి పసుపుగుడ్డ చుట్టి, నల్లదారంతో పెద్ద అక్షరాలు వేసింది: "ముట్టుకోకండి." అందం సంగతి ఈసారి తలచుకోలేదు.

ఇక అసలు పని మొదలైంది. డాక్టరమ్మ చెప్పిన పద్ధతిని టేపక్క తన పద్ధతిలోకి మార్చుకుంది. ఏ బట్టకైనా ట్రయల్ ఉంటుంది కదా, ఇదీ అంతే. ఆదివారం పొద్దున్నే, వీధి ఖాళీగా ఉన్నప్పుడు, గుమ్మంలో పీలికను తాడుతో పట్టుకుని నిలబడేది. స్కేలు ఆట మొదలుపెట్టిన పాపానికి మొగుడికి కర్ర మనిషి వేషం పడింది. దూరంగా కర్ర పట్టుకుని నడవాలి, ఆగాలి, మెల్లగా ఎత్తాలి. పీలిక చెవులు నిక్కి, ఒళ్లు బిగియక ముందే ఆవిడ వాడి నోటికి ఉడికించిన మాంసం ముక్క అందించాలి. బిగుసుకుంటే ఆ దూరం ఎక్కువ దగ్గరైనట్టు, మొగుడు వెనక్కి జరగాలి. మొదటిరోజు నలభై అడుగుల దగ్గర వాడు కుదురుగా ఉన్నాడు. టేపక్క టేపుతో కొలిచి అక్కడ ఫుట్‌పాత్ మీద సుద్దతో గీత గీసింది.

ఆ గీతలు వీధికి కాలక్షేపం అయ్యాయి. నలభై, ముప్పై ఆరు, ముప్పై. వాన పడితే చెరిగిపోయేవి, ఆవిడ మళ్లీ కొలిచి గీసేది. "ఏమిటక్కా, రోడ్డుకి చొక్కా కుడుతున్నావా?" అని ఇస్త్రీ ఆవిడ అడిగింది. మేడ మీద అద్దెకుండే ముసలాయనయితే ప్రతి ఆదివారం కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చి, "కర్ర ఇంకొంచెం పైకెత్తవయ్యా, అది కర్రలా లేదు, గొడుగులా ఉంది!" అని సలహాలిచ్చేవాడు. మొగుడు ఉడుక్కునేవాడు. ఇరవై అడుగుల దగ్గర మూడు వారాలు ఆగిపోయారు. పదిహేను దగ్గర ఒకరోజు మొగుడు తొందరపడి కర్ర చటుక్కున ఎత్తాడు, పీలిక తాడు తెగేంతగా దూకాడు. మళ్లీ ఇరవైఐదుకి పోవాల్సి వచ్చింది. ఆ రోజు టేపక్క లోపలికి వెళ్లి ట్రయల్ గది తెర వేసుకుని కాసేపు ఏడ్చింది. పీలిక తెర కింద నుంచి మూతి లోపలికి పెట్టి చూశాడు.

ఐదో నెలకి గీత ఎనిమిది అడుగుల దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఏడుకి రమ్మంటే వాడు వణికేవాడు. ఎన్ని ఆదివారాలైనా ఎనిమిదే.

"సున్నా దాకా తీసుకురాలేనా డాక్టరమ్మా?" అంది టేపక్క.

"రాకపోవచ్చు. ఎనిమిది అడుగులు వాడి కొలత. దానికి సరిపడా మీరే కుట్టుకోవాలి," అంది డాక్టరమ్మ. కొలత అన్నాక టేపక్కకి ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. చొక్కా సరిపోలేదని మనిషిని కత్తిరించం కదా.

ఆ వారమే వడ్రంగిని పిలిపించి గుమ్మానికి నడుమెత్తు గేటు పెట్టించింది. కొట్టు వెనకగోడకి ఇనుప కొక్కెం కొట్టించింది. కాన్వాసు రెండు మడతలేసి, ఐదు వరసలు కుట్టి, పీలికకి ఒక పట్టా తయారుచేసింది. ఎంత లాగినా, ఎంత సాగినా వాడి ముక్కు అద్దానికి ఎనిమిది అడుగుల ఇవతలే ఆగేలా కొలిచి కత్తిరించింది, పైన మరో అడుగు తగ్గించింది. గుడ్డకి ఎప్పుడూ లూజు వదిలే మనిషి, ఈసారి బిగువు వదిలింది. వీధిలో నడిపించేటప్పుడు ఎవరైనా ఎదురొస్తే, వాళ్లు తప్పుకునే దాకా ఆగకుండా తానే అవతలి ఫుట్‌పాత్‌కి మారిపోయేది. గుమ్మంలో అడుగుల చప్పుడు వినపడితే పాత కేక గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. "ఒక్క నిమిషం ఆగండి, పట్టుకుంటున్నాను," అని లేచేది. స్కూలు టీచరమ్మ ఐదేళ్లలో మొదటిసారి లోపలికి వచ్చి కొలతలిచ్చింది. ఇన్నాళ్లు వీధిలో అరిచిన ముప్పై రెండు నిజానికి ముప్పై ఐదని తేలింది. టేపక్క ఆ విషయం కడుపులో పెట్టుకుని, చీటీ మీద మాత్రం రాసుకుంది.

తర్వాత బాబాయ్ ఇంటికి వెళ్లింది. గడ్డం రొమ్ము మీదికి రాబోతోంది. ఈసారి నోట్లో మాటలేవీ సిద్ధం చేసుకోలేదు.

"తప్పు నాది బాబాయ్," అంది. "వాడికి కర్ర మీదికి దూకడం మేమే నేర్పాం, చప్పట్లు కొట్టి మరీ. ఇప్పుడు ఎనిమిది అడుగుల దాకా మార్చగలిగాను. అంతకంటే నా వల్ల కాలేదు. పదింటికి వాడు పట్టాతో కట్టేసి ఉంటాడు, మూతికి చిక్కం ఉంటుంది, గేటు వేసి ఉంటుంది. మీరు దాటిపోయేదాకా పట్టా నా చేతిలో ఉంటుంది. నమ్మమని అడగను. వచ్చి చూడండి."

బాబాయ్ గడ్డం నిమురుకున్నాడు. "చూద్దాం," అన్నాడు.

వారం తర్వాత అవతలి ఫుట్‌పాత్ మీద అల్లుడి భుజం పట్టుకుని కనపడ్డాడు. తల తిప్పి తిప్పి అద్దంలోంచి లోపలికి చూస్తూ వెళ్లాడు, పీలిక ఎక్కడున్నాడో వెతుకుతూ. టేపక్క పట్టా పట్టుకుని లేచి నిలబడే ఉంది. గంట తర్వాత తిరిగొచ్చినప్పుడు ఆయన బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి. టేపక్క ముఖం తిప్పుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "దుమ్ము," అంది మొగుడితో. ఆయన సెలవు రోజైనా పదింటికి ఆ కొట్లో ఏం పనో మరి, ఆయన కళ్లలోనూ పడినట్టుంది దుమ్ము.

తర్వాతి వారం బాబాయ్ ఒక్కడే వచ్చాడు, ఇంకా అవతలి వైపునే. ఆ పై వారం ఇవతలికి మారాడు గానీ ఆగకుండా, కర్ర కిందికి అదిమిపట్టుకుని దాటిపోయాడు. ప్రతిసారీ ఆయన చూపు ముందు పీలిక మీదికి, తర్వాత పట్టా వెంబడి టేపక్క చేతి దాకా వచ్చేది. ఆవిడ చెయ్యి అక్కడే ఉండేది. మిషను మీద ఎంత అర్జెంటు పనున్నా, ట్రయల్ గదిలో ఎవరు చొక్కా విప్పుకుని నిలబడి ఉన్నా, పదింటికి ఆ చెయ్యి అక్కడే.

ఒక గురువారం ఆయన అద్దం ముందు ఆగాడు. టేపక్క ఊపిరి బిగబట్టింది. ఎదుటివాళ్లని ఏళ్ల తరబడి వదలండి వదలండి అన్న మనిషి. ఆయన లోపలికి చూడలేదు. పీలికనీ చూడలేదు, ఆవిడ చేతినీ చూడలేదు. జేబులోంచి దువ్వెన తీసి, అద్దంలో తన ముఖం చూసుకుంటూ నాలుగు వెంట్రుకలూ పక్కకి దువ్వుకున్నాడు. తీరిగ్గా, మధ్యలో ఒకసారి దువ్వెన ఊదుకుని మరీ. తర్వాత కర్ర ఎత్తాడు.

పీలిక చెవులు నిక్కాయి. పట్టా ఒక్కసారి బిగిసి, ఆవిడ గుప్పిట్లో వదులైంది. వాడు ఆవిడ ముఖంలోకి చూశాడు, మాంసం ముక్క కోసం. ఇచ్చింది.

బాబాయ్ కర్ర చివరతో అద్దం మీద మెల్లగా తట్టి బొమ్మను చూపించాడు.

"ఆ బొమ్మ కాలర్ ఎడమవైపు వంకర పోయిందమ్మాయ్. ఆ రోజే చెబుదామనుకున్నాను."

టేపక్క చూసింది. నిజమే, వంకరగానే ఉంది. ఇన్ని చొక్కాలు మార్చినా బొమ్మ మెడే పక్కకి ఒరిగి ఉందని, అప్పటిదాకా ఆవిడ కంటికి ఆనలేదు.

"మీరు వెళ్లిరండి బాబాయ్, సరిచేస్తాను," అంది, పట్టా వదలకుండానే.